సింప్సన్ ఎడారికి ఇరిడియం ఫోను: కారు టాపు మీద మ్యాగ్నెట్ యాంటెన్నా గురించి సలహా కావాలి

ఎడిలైడ్_చందు • 6 మే 2024

అందరికీ నమస్కారం. జులైలో రెండు కుటుంబాలం, రెండు బళ్ళలో ఆస్ట్రేలియా మధ్యలోని సింప్సన్ ఎడారి దాటుదామని అనుకుంటున్నాం. మౌంట్ డేర్ నుంచి డల్‌హౌసీ స్ప్రింగ్స్, ఫ్రెంచ్ లైన్, పోపెల్ కార్నర్ మీదుగా బర్డ్స్‌విల్ వరకు. నాది ప్రాడో 150, ఇంకోటి మా ఫ్రెండ్ హైలక్స్. మా మామయ్య, అత్తయ్య కూడా వస్తామంటున్నారు. మామయ్యకు బీపీ ఉంది. అందుకని మా ఆవిడ ఒకే కండిషన్ పెట్టింది: కార్లో కూర్చునే ఫోను మాట్లాడగలగాలి, లేకపోతే ట్రిప్పే లేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఇరిడియం 9555 శాటిలైట్ ఫోను దొరికింది. పెట్టెలో ఫోను, చార్జరు, యాంటెన్నా అడాప్టరు ఉన్నాయి కానీ దానితో పాటు రావాల్సిన చిన్న మ్యాగ్నెట్ యాంటెన్నా మాత్రం లేదు. మా బావ మస్కట్ నుంచి వచ్చేసినప్పుడు తన బండి టాపు మీద వాడిన శాటిలైట్ ఫోను యాంటెన్నా నాకిచ్చాడు. కింద గట్టి అయస్కాంతం, 5 మీటర్ల కేబులు. ఇది సరిపోతుందా, కొత్తది కొనాలా?

పద్మజ_పెర్త్ • 6 మే 2024

చందు గారూ, నేను పిల్బరాలో మైన్ సైట్ ఉద్యోగం. మా బళ్ళన్నిటికీ ఇలాంటివి ఉంటాయి. ముందు ఒక మాట. మామూలు పనులకు బయటి యాంటెన్నా అక్కర్లేదు. బండి ఆపి, చెట్టు కింద కాకుండా ఖాళీ చోట నిలబడి, యాంటెన్నా నిటారుగా లాగి మాట్లాడితే చాలు. చాలామంది ఆ ఓపిక లేక సామాన్లు కొంటారు.

అయితే మీ ఆవిడ చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. లోపల మనిషికి బాగాలేనప్పుడు మీరు బయట, పేషెంట్ లోపల ఉంటే డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకీ అటూ ఇటూ పరుగే. పైగా అవతలివాళ్ళు తిరిగి ఫోను చేస్తామన్నప్పుడు ఫోనుకు ఆకాశం కనిపిస్తూ ఉండాలి. సీటు మీద పడేసిన శాటిలైట్ ఫోను మోగదు.

ఆర్ఎఫ్_రామం • 7 మే 2024

పద్మజ గారు చెప్పింది నిజం. కారణం కూడా చెప్తాను, కొత్తవాళ్ళకు పనికొస్తుంది.

ఇరిడియం ఉపగ్రహాలు సేవలో 66 ఉంటాయి. భూమికి 780 కిలోమీటర్ల ఎత్తులో, ధ్రువాల మీదుగా, దాదాపు వంద నిమిషాలకొక చుట్టు తిరుగుతాయి. అంటే మన నెత్తి మీద ఏదీ నిలబడదు. ఒకటి ఇటు దిగంతం నుంచి లేచి అటు దిగంతంలో దిగడానికి పది నిమిషాలకు అటూ ఇటూగా పడుతుంది. మనం మాట్లాడుతుండగానే ఫోను ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ధ్రువాల దగ్గరైతే ఒకేసారి చాలా కనిపిస్తాయి, మన అక్షాంశాల్లో చాలాసార్లు ఒక్కటే దిక్కు. ఆ ఒక్కటి మీ కారు టాపుకు అవతల ఉందనుకోండి, కాల్ పోయినట్టే. కారు లోపల నుంచి అద్దంలోంచి అప్పుడప్పుడు ఫోన్లో సిగ్నల్ గీతలు కనిపిస్తాయి, అది నమ్ముకునేది కాదు. అద్దాలకు వేడి ఆపే మెటల్ ఫిల్మ్ వేయించి ఉంటే ఆ కాస్త ఆశా ఉండదు.

కాబట్టి యాంటెన్నా టాపు మీద ఉంటే లాభమే. కానీ మీ బావగారి యాంటెన్నా ఏ ఫోనుకి వాడారు? దాని అడుగున స్టిక్కరు ఉంటుంది, చదివి చెప్పండి.

ఎడిలైడ్_చందు • 7 మే 2024

రామం గారూ, స్టిక్కరు మీద తురయా అని ఉంది, అది ఇంకో శాటిలైట్ ఫోను కంపెనీ. ఎల్-బ్యాండ్ (ఒకటి నుంచి రెండు గిగాహెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీలు) అని కూడా ఉంది. ఇరిడియం కూడా ఎల్-బ్యాండే కదండీ? ఇక్కడి షాపులో కనెక్టరు మార్చే చిన్న ముక్క కొన్నాను, చక్కగా బిగిసింది. ఇంకేం ఇబ్బంది ఉండదనుకుంటున్నా.

ఆర్ఎఫ్_రామం • 7 మే 2024

బిగిసింది కాబట్టి పని చేస్తుందనుకోవడం దగ్గరే సగం మంది డబ్బులు పోగొట్టుకుంటారు బాబూ.

ఫ్రీక్వెన్సీలు దగ్గర దగ్గరివే. ఇరిడియం 1616 నుంచి 1626.5 మెగాహెర్ట్జ్. తురయా 1525-1559లో వింటుంది, 1626.5-1660.5లో పంపుతుంది. పక్కపక్క ఇళ్ళే. తేడా అక్కడ కాదు. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం మెలికలు తిరుగుతూ వస్తుంది. ఇరిడియంది కుడివైపు మెలిక, తురయాది ఎడమవైపు మెలిక. మేస్త్రీ భాషలో చెప్పాలంటే కుడి మర బోల్టుకి ఎడమ మర నట్టు. చూడ్డానికి సైజు ఒకటే, ఎంత తిప్పినా ఎక్కదు. సిగ్నల్ పూర్తిగా సున్నా కాదు, కానీ నూరో వంతు మిగిలినా గొప్పే. బయట మైదానంలో ఒక గీత రావచ్చు, దాన్ని చూసి పని చేస్తోందని మురిసిపోతారు, ఎడారిలో అవసరానికి మాత్రం అందదు.

ఇన్‌మార్‌శాట్ అని ఇంకో శాటిలైట్ ఫోను కంపెనీ ఉంది, దానిది కూడా కుడి మెలికే. అలాగని ఇన్‌మార్‌శాట్ యాంటెన్నా తెచ్చి ఇరిడియంకి పెట్టొద్దు, దాని ఫ్రీక్వెన్సీలు దానివి. ఇరిడియం కోసమే చేసినది కొనండి. మీ బావ యాంటెన్నా షెల్ఫులో పెట్టుకోండి, ఆయన గుర్తుగా.

మస్కట్_శీను • 8 మే 2024

రామం సారు మంచిగ జెప్పిండు. నాది జగిత్యాల దిక్కు, పన్నెండేండ్ల సంది ఇక్కడ ఎడారిల క్యాంపులకు బండి తోలుతున్న. మా దగ్గర అన్నీ తురయానే. దాని ఉపగ్రహం 44 డిగ్రీల తూర్పు మీద ఒక్కతాన్నే నిలబడి ఉంటది, మాకు నైరుతి దిక్కు మస్తు ఎత్తుల. బండి ఎటు తిరిగినా టాపు మీది యాంటెన్నాకు కనవడ్తది. ఇరిడియం లెక్క మారుడు గీరుడు లేదు.

ఫోను సంగతి సార్లు జెప్తరు, నేను అయస్కాంతం సంగతి జెప్త. మా రోడ్లు సిమెంటు రేకు లెక్క మడతలు మడతలు ఉంటయి. ఒకపారి 80 మీద పోతున్న, డోరు మీద డబ డబ డబ ఒకటే సప్పుడు. ఇంజనే పోయిందనుకున్న. దిగి జూస్తే యాంటెన్నా ఊడి, కేబులు పట్టుకొని ఏలాడుకుంట డోరును డప్పు లెక్క కొడ్తున్నది. పెయింటు మొత్తం సాఫ్. గప్పటి సంది టాపు మీది కడ్డీకి ఒక నైలాన్ తాడు గట్టి యాంటెన్నాకు ముడేస్త. ఊడినా ఆడ్నే ఉంటది. అయస్కాంతం ఎంత గట్టిదైనా తాడు గట్టు తమ్మీ.

నాని_టౌన్స్‌విల్ • 8 మే 2024

నేను చేసిన తప్పు కూడా చెప్పుకుంటా, నవ్వకండి. గ్యారేజీలో పాత జీపీఎస్ మ్యాగ్నెట్ యాంటెన్నా ఉంటే ఇరిడియం ఫోనుకి తగిలించాను. జీపీఎస్ 1575 మెగాహెర్ట్జ్, దగ్గరే కదా, మెలిక కూడా కుడే కదా అని. ఫోన్లో ఒక్క గీత రాలేదు. తర్వాత ఆ యాంటెన్నా జీపీఎస్‌కి కూడా పని చేయలేదు. ఏం జరిగిందో ఇప్పటికీ తెలీదు.

ఆర్ఎఫ్_రామం • 8 మే 2024

నాని గారూ, నవ్వడం ఎందుకండీ, అందరూ చేసే పనే. మామూలు జీపీఎస్ యాంటెన్నా లోపల చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. అది వినడానికి మాత్రమే, ఒకవైపు తలుపు. అది నడవాలంటే కేబులులోంచి కరెంటు కావాలి, మీ ఫోను ఆ కరెంటు ఇవ్వదు. అందుకే గీత రాలేదు. ఫోను పంపిన పవరు ఎదురుగా వెళ్ళి ఆ యాంప్లిఫయరును తగలబెట్టి ఉండొచ్చు. ఇరిడియం ఫోను సగటున అర వాటు చిల్లరే వాడినా, పంపే క్షణంలో మాత్రం కొన్ని వాట్లు తోస్తుంది. పాపం ఆ చిప్పు తట్టుకునేది కాదు.

ఇక్కడే ఇంకో మాట. సిగ్నల్ తక్కువగా ఉంటే మధ్యలో బూస్టరు పెట్టొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా. ఇరిడియం పంపేదీ వినేదీ ఒకే ఫ్రీక్వెన్సీలో, వంతులవారీగా. తొంభై మిల్లీసెకన్ల ఫ్రేములో కొంతసేపు మాట, కొంతసేపు చెవి. మామూలు బూస్టరుకి ఆ వంతు తెలీదు. దీనికోసం ప్రత్యేకంగా చేసినవి ఉంటాయి, ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. రెండు మీటర్ల కేబులుకి అవి అనవసరం.

ఎడిలైడ్_చందు • 9 మే 2024

సరే, బావ యాంటెన్నా ఔట్. కొత్తది చూస్తున్నా. రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి హాకీ పక్‌లా బల్లపరుపుగా ఉంది, ఇంకోటి బొటనవేలంత లావు, అరచేయంత ఎత్తు. కేబులు 1.5 మీటర్లదీ ఉంది, 5 మీటర్లదీ ఉంది. ఐదు మీటర్లదే తీసుకుంటే వెనక సీటు దాకా వస్తుంది కదా, మిగిలింది చుట్టి సీటు కింద పెట్టేస్తా.

ఆర్ఎఫ్_రామం • 9 మే 2024

చుట్టి పెట్టినా చాచి పెట్టినా కేబులు తినేది తింటుంది. అసలు ఈ చర్చంతా యాంటెన్నా గురించని అనుకుంటున్నారు గానీ ఇది కేబులు గురించి.

1600 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు లెక్కలు రాసుకోండి. సన్నని ఆర్‌జీ-174 రకం కేబులు అయితే మీటరుకి 1.3 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత పోయిందో చెప్పే కొలత) పైనే పోతుంది. ఆర్‌జీ-58 అయితే 0.7 చుట్టుపక్కల. ఎల్‌ఎంఆర్-195 అయితే అర డీబీ. ఎల్‌ఎంఆర్-400 అయితే 0.2 లోపే, కానీ అది చిటికెనవేలంత లావు, డోరు సందులో దూరదు. ఇప్పుడు ఐదు మీటర్ల ఆర్‌జీ-58 అంటే మూడున్నర డీబీ. మూడు డీబీ పోయిందంటే సగం పవరు పోయినట్టు. అంటే మీరు మాట్లాడినదాంట్లో సగానికి పైగా కేబులుని వెచ్చబెట్టడానికే పోయింది. మీద రెండు మూడు కనెక్టర్లు, అడాప్టరు ఉంటే అవీ తలా కాస్త గిల్లుకుంటాయి. మొత్తం మూడు డీబీ దాటనివ్వొద్దు, ఇది నేను పెట్టుకున్న గీత.

రెండు మీటర్ల ఎల్‌ఎంఆర్-195 అయితే ఒక్క డీబీతో బయటపడతారు. డ్రైవరు పక్క సీటుకి అది చాలు. వెనక సీట్లో వాళ్ళు మాట్లాడాలంటే ఫోనుకి స్పీకరు ఉంది కదా.

పక్‌దా, బొటనవేలుదా అంటే: పక్ రకం గాలికి, కొమ్మలకు తగలదు, నెత్తి మీది ఆకాశాన్ని బాగా చూస్తుంది, దిగంతం దగ్గర కాస్త మందం. ఎత్తుగా ఉన్నది లోపల నాలుగు తీగలు మెలేసిన రకం, దిగంతం వైపు కూడా బాగా చూస్తుంది. ఇరిడియం ఉపగ్రహాలు ఎక్కువసేపు కింది ఎత్తుల్లోనే కనిపిస్తాయి కాబట్టి నా ఓటు రెండోదానికి. చెట్ల కొమ్మలు తగిలే దారైతే మొదటిది.

పద్మజ_పెర్త్ • 10 మే 2024

ఎక్కడ పెట్టాలో నేను చెప్తా, ఎందుకంటే అందరూ అక్కడే తప్పు చేస్తారు. చందు గారూ, మీ టాపు మీద ఏమేం ఉన్నాయి? ర్యాకు, దాని మీద టెంటు ఉంటే ఆ టెంటు పక్కన యాంటెన్నా పెట్టడమంటే గోడ పక్కన నిలబడి సూర్యుణ్ణి చూడ్డమే. సోలార్ పలక అల్యూమినియం చట్రం కూడా అంతే. అన్నిటికంటే ఎత్తులో, నాలుగు దిక్కులా ఖాళీగా ఉండే చోటు కావాలి. ర్యాకు అల్యూమినియంది అయితే అయస్కాంతం అంటదు, ఇది చాలామందికి బళ్ళో సామాను ఎక్కించాకే తెలుస్తుంది. నా యూట్ వెనక క్యానపీ ఫైబరుది. దాని మీద చిన్న ఉక్కు పలక, రెండువైపులా అంటుకునే గట్టి టేపుతో అతికించి దాని మీద యాంటెన్నా నిలబెట్టాను. నాలుగేళ్ళు, రెండు తుపాన్లు చూసింది. టేపు వేసే ముందు స్పిరిట్‌తో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి.

అన్నట్టు సింప్సన్‌లో బండి ముందు ఇసుక జెండా తప్పనిసరి, నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తు. ఇసుక గట్టు అవతల నుంచి వచ్చేవాడికి ముందు ఆ జెండానే కనబడాలి. దాని కర్ర ఫైబరుదైతే పర్లేదు, పక్కనే ఉండే యూహెచ్‌ఎఫ్ (బండికీ బండికీ మాట్లాడుకునే రేడియో) యాంటెన్నాకి మాత్రం దూరంగా పెట్టుకోండి. యూహెచ్‌ఎఫ్‌లో అక్కడ చానల్ 10. శాటిలైట్ ఫోను ఉంది కదా అని అది మర్చిపోకండి. ఎదురొచ్చే బండికి మీరు ఇరిడియంలో ఫోను చెయ్యలేరు.

కేబులు డోరు పైనుంచి కాకుండా హింజి వైపు కింది మూలలోంచి తెండి. అక్కడ బీడింగ్ మెత్తగా ఉంటుంది, నలగదు. లోపలికి వచ్చే ముందు కేబులు ఒక వంపు కిందికి జారేలా వదలండి, వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి.

వైజాగ్_వైర్‌లెస్ • 12 మే 2024

ఆలస్యంగా చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు నేను విశాఖలో డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నానికి సెల్ టవర్లు పడుకున్నాయి. మాకిచ్చిన ఇన్‌మార్‌శాట్ హ్యాండ్‌సెట్ ఉంది, మ్యాగ్నెట్ యాంటెన్నా కూడా ఉంది. జీపుకి మాత్రం గుడ్డ టాపు. అయస్కాంతం ఎక్కడ అంటిద్ది? చివరికి బానెట్ మీద పెట్టాం.

అసలు గొడవ ఆ తర్వాత. ఆ రకం ఫోను నెట్‌వర్కు పట్టాలంటే ముందు తనకి జీపీఎస్ దొరకాలి, తాను ఎక్కడుందో ఉపగ్రహానికి చెప్పాలి. మేము పెట్టిన యాంటెన్నా మాటకి మాత్రమే, జీపీఎస్‌కి కాదు. ఫోను జీపులో, జీపీఎస్ లేదు, యాంటెన్నా బయట దండగ. ఇరవై నిమిషాలు దాంతోనే కుస్తీ. ఫోను చేత్తో పట్టుకుని వానలోకి దిగి ఒక నిమిషం పైకి చూపించి, జీపీఎస్ పట్టాక లోపలికి తెచ్చి యాంటెన్నాకి తగిలిస్తే అప్పుడు కలిసింది. ఇన్‌మార్‌శాట్, తురయా వాడేవాళ్ళు జీపీఎస్ కూడా ఉన్న యాంటెన్నానే తీసుకోండి. ఇరిడియంకి ఈ గోల లేదు.

మాకు ఆ ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీద, నైరుతి దిక్కున. వాస్తు నైరుతిలో బరువుండాలంటుంది, ఆ ఫోనేమో నైరుతి ఖాళీగా ఉండాలంటుంది. మా సూపర్నెంటు గారు జీపు ఎప్పుడూ భవనానికి నైరుతి వైపే పెట్టించేవారు. జనం ఆయనకి వాస్తు పిచ్చి అనుకునేవారు.

కిరణ్_మెల్‌బోర్న్ • 13 మే 2024

ఇన్ని లెక్కలు ఎందుకండీ? ఐఫోన్ 14లో ఉపగ్రహం ద్వారా ఎస్ఓఎస్ ఉంది, ఆస్ట్రేలియాలో పోయినేడు నుంచి వచ్చింది. ఇంకా కావాలంటే ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ డిష్ బండెక్కించండి.

పద్మజ_పెర్త్ • 13 మే 2024

కిరణ్, ఉంటే మంచిదే, తీసుకెళ్ళాలి కూడా. కానీ అది మెసేజి మాత్రమే, ఆకాశం వైపు చూపిస్తూ నిలబడాలి. డాక్టరు "పేషెంట్ పెదాల రంగు ఎలా ఉంది" అని అడిగితే టైపు చేస్తూ కూర్చుంటావా? స్టార్‌లింక్ బాగా పని చేస్తుంది, ఒప్పుకుంటా. బండి ఆపి, డిష్ పెట్టి, కరెంటు ఇచ్చి, అది లేచేదాకా ఆగాలి. బండి బోల్తా పడ్డప్పుడు ఆ తీరిక ఉండదు. అలాగే ఒక్క ఉపగ్రహాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మొన్న ఏప్రిల్‌లో చూశాం. తురయా-3 ఉపగ్రహం ఆగిపోయి ఈ వైపు ఎంతమంది ఫోన్లు మూగబోయాయో. అంతకు ముందేడు ఏప్రిల్‌లో ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహం ఒకటి తడబడితే పొలాల్లో ట్రాక్టర్లు దారి తెలీక ఆగాయి.

ఎడిలైడ్_చందు • 14 మే 2024

ఇంకో ప్రశ్న. సంక్రాంతికి ఇండియా వస్తున్నాం. అరకు, మారేడుమిల్లి అడవుల్లో కారేసుకుని తిరుగుదామని ప్లాను. అక్కడ సెల్ అందదు కదా, ఈ ఫోనూ యాంటెన్నా పట్టుకొచ్చేస్తే?

వైజాగ్_వైర్‌లెస్ • 14 మే 2024

వద్దు. పెట్టెలో సర్దే ఆలోచన కూడా చేయొద్దు.

ఇండియాలో ఇరిడియం, తురయా ఫోన్లకు అనుమతి లేదు. 2008 ముంబయి దాడుల తర్వాత మరీ కట్టుదిట్టం చేశారు. అనుమతి ఉన్నది బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా ఇచ్చే ఇన్‌మార్‌శాట్ సేవకే, దానికీ ముందుగా పర్మిషన్ ఉండాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేని సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం, వాడక్కర్లేదు. తెలీక తెచ్చిన విదేశీ టూరిస్టులు ఎయిర్‌పోర్టుల్లో దొరికి కేసుల్లో ఇరుక్కున్నారు. ఇండియాలో విమానం మారడానికి దిగినా రిస్కే. ఉపగ్రహంతో మాట్లాడే చిన్న మెసేజి పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. మారేడుమిల్లిలో సిగ్నల్ లేకపోతే ఒక పూట బొంగులో చికెన్ తింటూ కూర్చోండి.

మోడరేటరు • 15 మే 2024

"ఇలా దాచి తేవచ్చు" అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. ఆ సలహాలు ఇక్కడ వద్దు.

ఎడిలైడ్_చందు • 9 జూన్ 2024

అప్‌డేట్. ఎత్తుగా ఉన్న రకం, రెండు మీటర్ల కేబులుతో కొన్నాను. ఎడారికి ముందే ఇంట్లో పరీక్ష పెట్టా. శనివారం పొద్దున్నంతా మా డ్రైవ్‌వేలో అదే పని, పక్కింటి పెద్దాయన రెండుసార్లు వచ్చి ఏం రిపేరని అడిగాడు.

ఫోను సీటు మీద పెడితే సున్నా, ఎప్పుడో ఒక గీత. బయట నిలబడి చేత్తో పట్టుకుంటే నాలుగు, ఐదు. యాంటెన్నా టాపు మధ్యలో పెట్టి ఫోను లోపల ఉంచితే నాలుగు, కాసేపు ఐదు. అదే యాంటెన్నా బానెట్ మీద పెడితే మూడుకి పడి, కొన్ని నిమిషాలకోసారి ఒకటికి దిగుతోంది. ఉపగ్రహం కారు వెనక్కి వెళ్ళినప్పుడల్లా అలా అవుతోందని అరగంట చూశాక అర్థమైంది. యూకలిప్టస్ చెట్టు కింద పెడితే అన్నీ సమానమే, అన్నీ దండగే.

కుతూహలం కొద్దీ బావ తురయా యాంటెన్నా కూడా తగిలించా. రామం గారు చెప్పినట్టే ఒక గీత వచ్చి మురిపించింది, కాల్ మాత్రం కలవలేదు.

ఒక తప్పు దొరికింది. మొదట కేబులు డోరు పై అంచు నుంచి తెచ్చాను. గంట తర్వాత చూస్తే అక్కడ నొక్కుకుపోయి పళ్ళెంలా అయింది. ఇప్పుడు కింది మూలకి మార్చా.

బెజవాడలో అమ్మకి టెస్ట్ కాల్ చేశాను. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. మామూలు ఫోన్నుంచి చేసి అడిగితే "ప్లస్ 8816 అంట్రా, ఏ దేశమో ఏమో, మోసగాళ్ళ ఫోనేమోనని ఎత్తలేదు" అంది. ఇప్పుడు ఆ నంబరు "చందు ఎడారి" అని సేవ్ చేయించా.

మస్కట్_శీను • 9 జూన్ 2024

మా అమ్మ గూడ గట్లనే. తురయాది 88216తోని వస్తది. పోయినేడు పండుగనాడు జేస్తే "బ్యాంకోడా, కార్డు నంబరు జెప్పను" అని తిట్టి పెట్టేసింది. తాడు గట్టినవా?

ఎడిలైడ్_చందు • 10 జూన్ 2024

కట్టాను అన్నా. నల్ల నైలాన్ తాడు, డబుల్ ముడి.

ఎడిలైడ్_చందు • 4 ఆగస్టు 2024

వచ్చేశాం. అందరూ క్షేమం. పెద్దగా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

పడమర నుంచి తూర్పుకే వెళ్ళాం. ఇసుక గట్లు పడమటి వైపు కాస్త వాలుగా, తూర్పు వైపు నిటారుగా ఉంటాయి, అందుకని అటు నుంచి ఎక్కడం సుఖం. వెయ్యికి పైగా గట్లు, ఒకదాని తర్వాత ఒకటి. మూడో రోజుకి మా అత్తయ్య లెక్కపెట్టడం మానేసి విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. రెండూ వెయ్యే కదా అంది.

ఫోను సంగతి. నడుస్తున్న బండిలోంచి రోజుకొక కాల్ చేసి చూశాం, ఎక్కువసార్లు సాఫీగానే నడిచింది. గట్టు ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేచి యాంటెన్నా వెనక్కి వాలుతుంది కదా, అప్పుడు మాట తెగి మళ్ళీ వచ్చేది. ఒకసారి మాత్రం పూర్తిగా కట్ అయింది. తర్వాత చూస్తే మావాడు ఇనప జెర్రీ క్యాను తెచ్చి యాంటెన్నా పక్కనే ర్యాకు మీద కట్టాడు. తీసి వెనక పెట్టాక మళ్ళీ మామూలే.

అసలు పరీక్ష పోపెల్ కార్నర్ దగ్గర రాత్రి. మామయ్యకి సాయంత్రం నుంచి తల తిరుగుతోంది. బీపీ మిషను 180 చూపించింది. టాబ్లెట్లు ఉన్నాయి కానీ పొద్దుట వేసుకున్నారో లేదో ఆయనకే గుర్తులేదు. బయట సన్నగా వాన, చలి నాలుగు డిగ్రీలు. ఎడారిలో వానేంటని అడక్కండి, మా అదృష్టం అలాంటిది. డోర్లు మూసుకుని, హీటరు వేసుకుని, ఫోను స్పీకర్లో పెట్టి డాక్టరుతో 14 నిమిషాలు మాట్లాడాం. మా ఆవిడ పక్కనే కూర్చుని బీపీ మళ్ళీ మళ్ళీ చూస్తూ చెప్పింది. మధ్యలో ఒకసారి గొంతు కరకరలాడింది, ఉపగ్రహం మారినట్టుంది, కాల్ పోలేదు. ఎలా ఉండాలో, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పి, గంట తర్వాత తామే ఫోను చేస్తామన్నారు. చేశారు కూడా. ఫోను మోగింది. పద్మజ గారూ, మీరు మొదటి రోజే రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్నకి 150కి దిగింది. బర్డ్స్‌విల్‌లో క్లినిక్‌లో చూపించి, బిగ్ రెడ్ గట్టు మీద ఫోటో కూడా దిగారు మామయ్య.

శీనన్నా, నీ తాడు ఒకసారి పని చేసింది. డల్‌హౌసీకి ముందు రోడ్డు రేకులా ఉంది, యాంటెన్నా జారి పక్కకి పడింది, తాడుకి వేలాడింది. దానివల్ల డోరు బతికింది.

టాపు మాత్రం బతకలేదు. ఆ ఎర్ర ఇసుకలో ఇనుము రజను ఉంటుందట. నాలుగు రోజుల్లో అయస్కాంతం చుట్టూ మీసాల్లా పట్టేసింది. నేను చూసుకోకుండా కాస్త జరిపాను, టాపు మీద గుండ్రంగా గరగరా గీతలు. మా ఆవిడ ఇంకా చూడలేదు. ఏం చెయ్యాలో చెప్పండి.

మస్కట్_శీను • 4 ఆగస్టు 2024

టూత్‌పేస్టు పెట్టి రుద్దు తమ్మీ, పోతది. నేను జెయ్యలే, మావోళ్ళు జేసిండ్రు.

పద్మజ_పెర్త్ • 5 ఆగస్టు 2024

టూత్‌పేస్టు వద్దు, ఉన్న మెరుపు కూడా పోతుంది. పైపై గీతలైతే పాలిషింగ్ కాంపౌండు చాలు. గోరు తగులుతుంటే పెయింటు షాపుకే. ఈసారి రోజూ సాయంత్రం యాంటెన్నాని జరపకుండా నిటారుగా ఎత్తి, అడుగున మట్టి ముద్దతోనో టేపుతోనో రజను తీసేసి మళ్ళీ పెట్టండి. మామయ్య గారిని అడిగానని చెప్పండి.

ఎడిలైడ్_చందు • 5 ఆగస్టు 2024

గోరు తగులుతోంది.

ఆర్ఎఫ్_రామం • 5 ఆగస్టు 2024

అయితే యాంటెన్నాని అక్కడే ఉంచెయ్యండి బాబూ, కిందది కనిపించదు.